కుక్కకు గ్యాస్ మాత్ర: అక్కర్లేనప్పుడు ధారాళం, కావలసినప్పుడు పిసినారితనం

విశాఖలో ఎంవీపీ కాలనీ అయినా, గాజువాక అయినా మందుల షాపులవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "మా కుక్క పొద్దున్నుంచి పసుపు నీళ్లు కక్కుతోంది, గ్యాస్ మాత్ర ఇవ్వండి."

వాంతి అనగానే గ్యాస్ అనుకోవడం మన అలవాటు. దాన్నే మూగజీవాలకూ అంటగట్టాం. గ్యాస్ మాత్రలుగా అమ్ముడయ్యే ఒమెప్రజోల్, పాంటప్రజోల్ కడుపులో యాసిడ్ ఊరకుండా చూస్తాయి, అంతే. అవి వాంతులు ఆపే మందులు కావు. పార్వో వైరస్ సోకి వాంతులు, విరేచనాలతో ఉన్న కుక్కపిల్లకు వీటితో ఒరిగేదేమిటి? వేసవిలో మామిడి టెంక మింగిన ల్యాబ్రడార్ సంగతి మరీ ఘోరం. మాత్ర వేశాం కదా, రేపటికి చూద్దాం అని ఇంట్లోవాళ్లు ఆగుతారు. టెంక పేగులోనే ఉంటుంది, ఆపరేషన్‌కు అదును దాటిపోతుంది.

కుక్కలు, పిల్లుల్లో ఈ మందుల వాడకంపై అమెరికన్ పశువైద్య నిపుణుల సంస్థ ఏసీవీఐఎం 2018లోనే ఉమ్మడి అభిప్రాయం ప్రకటించింది. పుండు లేని గ్యాస్ట్రైటిస్‌లో (కడుపు లోపలి పొర వాపు), ప్యాంక్రియాటైటిస్‌లో (క్లోమ గ్రంథి వాపు), కిడ్నీ జబ్బులో వీటిని అలవాటుగా ఇవ్వడానికి ఆధారాలు చాలవంది. కిడ్నీ దెబ్బతిన్న పిల్లుల కడుపులో యాసిడ్ మామూలు పిల్లుల కంటే ఎక్కువేమీ లేదని పరీక్షల్లో తేలింది కూడా.

విచిత్రమేమిటంటే, నిజంగా అవసరమైన చోట మనం సరిగ్గా వాడం. కుక్క కుంటుతోందని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ అనే పెయిన్‌కిల్లర్ వేస్తారు. అది తెలియక ఇంకొకరు స్టెరాయిడ్ ఇస్తారు. కడుపులో పుండు పడి రక్తం కారితే విరేచనం తారులా నల్లగా అవుతుంది. అప్పుడు ఒమెప్రజోల్ ప్రాణం నిలిపే మందే, కానీ రోజుకు రెండు పూటలా పడాలి. మనుషుల లెక్కన పరగడుపున ఒక్కటి వేసి ఊరుకుంటే చాలదు. దాని బదులు రానిటిడిన్ అనే మరో రకం గ్యాస్ మాత్ర ఇస్తే కుక్కలో యాసిడ్ పెద్దగా తగ్గదు. అదే రకానికి చెందిన ఫామోటిడిన్ కొంత నయమే, అయితే రోజూ ఇస్తుంటే రెండు వారాలు తిరక్కుండానే పట్టు సడలుతుంది.

పెయిన్‌కిల్లర్ రాసిన ప్రతిసారీ తోడుగా గ్యాస్ మాత్ర రాయడం కూడా నా దృష్టిలో వైద్యం కాదు, భయం. ఆ గ్యాస్ మాత్ర వల్ల పేగులోని బ్యాక్టీరియా సమతుల్యం చెడి, పెయిన్‌కిల్లర్ వల్ల పేగుకు జరిగే హాని పెరిగే ప్రమాదం ఉంది.

చీటీలో మాత్ర పేరుతో పాటు ఎప్పుడు ఆపాలో కూడా రాయించుకోవాలి. ఒమెప్రజోల్ మూడు నాలుగు వారాలు దాటితే ఒక్కసారిగా మానేయకూడదు. మానేస్తే యాసిడ్ మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది. అది చూసి మళ్లీ గ్యాస్ అనుకుని షాపుకు పరుగెత్తేవాళ్లున్నారు.