బూట్‌లోడర్‌కి కాపలా

బరంపురంలో మా అత్తవారింటి వైఫై రూటర్ ముసలిదైపోయింది. కొత్తది కొంటే పోయేదే. కానీ మా బావమరిది ఇంజనీరింగ్ చదివాడు. "ఇందులో కొత్త లైనక్స్ ఎక్కిస్తా చూడు బావా" అంటూ డబ్బా విప్పేశాడు.

బోర్డు మీద మూడు వైర్లు టంకం వేసి లాప్‌టాప్‌కి కలిపాడు. ఇటు మాట్లాడే వైరు అటు వినే కాలికి తగలాలట, లేకపోతే వియ్యపురాళ్ల సంభాషణే, ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు. రూటర్ ఆన్ చేశాక సెకనులోపు కీ నొక్కితేనే యూ-బూట్ అనే బూట్‌లోడర్, అంటే రూటర్‌ని నిద్ర లేపే ప్రోగ్రాం, ఆగి మన మాట వింటుంది. వాడు కీబోర్డుని పొడుస్తుంటే, "ఏటిరా, ఈ వయసులో గేములా?" అంది అత్తగారు.

ఫ్లాష్ మెమరీ మొత్తం 8 ఎంబీ. మొదటి 128 కేబీ బూట్‌లోడర్‌ది. అది దాటాకే చెరపాలి. అంటే 9ఎఫ్020000 అనే చిరునామా నుంచి. మావాడు ఆ 2 దగ్గర కూడా సున్నా కొట్టాడు. స్క్రీన్ మీద చుక్కలు చకచకా పరిగెత్తాయి. చుక్కలు ఆగేసరికి వాడి మొహంలో నెత్తురు లేదు.

విచిత్రమేమిటంటే, ఫ్లాష్‌లో బూట్‌లోడర్ తుడిచిపెట్టుకుపోయినా తెర మీద అది బుద్ధిగా ఆజ్ఞల కోసం ఎదురుచూస్తూనే ఉంది. మొదట్లోనే తనని తాను ర్యామ్‌లోకి కాపీ చేసుకుంటుంది కదా! కరెంటు ఉన్నంతసేపూ బతికే ఉంటుంది. ఈలోగా బూట్‌లోడర్ ఫైల్ తెచ్చి మళ్లీ రాసేస్తే గండం గట్టెక్కినట్టే. ఒక్కసారి ఆఫ్ అయిందా, అంతే సంగతులు.

ఫైల్ ఇంటర్‌నెట్‌లో ఉంది. ఇంట్లో ఇంటర్‌నెట్ వచ్చేది ఈ రూటర్‌లోంచే.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి డౌన్‌లోడ్ మొదలెట్టాం. మామగారు స్విచ్ మీద టేపు అతికించారు. పనమ్మాయికి ఒడియాలో గట్టి హెచ్చరిక వెళ్లింది. అత్తగారు మేడ మీద అప్పడాలు కాకులకి వదిలేసి, స్విచ్‌బోర్డు పక్కనే కుర్చీ వేసుకుని, మిక్సీ పట్టుకొచ్చిన కోడలిని కూడా వెనక్కి తరిమేసింది.

ఫైల్ వచ్చింది. కేబుల్ గుండా ర్యామ్‌లోకీ చేరింది. ఇక చివరి కమాండ్. ఈసారి వాడు మహా జాగ్రత్తపరుడు. సున్నాలు తాను లెక్కపెట్టి, నా చేత లెక్కపెట్టించి, ఎంటర్ మీద వేలు పెట్టాడు.

"కరెంట్ గలా!" అని వీధి వీధంతా అరిచింది.

"మరి ఫ్యాన్ తిరుగుతోందిగా?" అన్నారు మామగారు. ఫ్యాను ఇన్వర్టర్ మీద ఉంది. రూటర్ కూడా రోజూ హాల్లో ఇన్వర్టర్ సాకెట్‌కే ఉండేది. వైర్లు అందడం లేదని వీడే భోజనాల బల్ల దగ్గరికి మార్చాడు. ఇప్పుడిక చిప్పుకి క్లిప్పు తగిలించి రాసే ప్రోగ్రామర్ అనే పరికరం కావాలట, ఆన్‌లైన్‌లో తెప్పించాలట. అదెంతవుతుందో మామగారు అడగబోతుంటే, అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే నావైపు తిరిగింది.

"మీరే సాక్ష్యం అల్లుడు గారూ. నేనైతే ముట్టుకోలేదు."