ఖాళీ బరువు

ఇది మొన్న మంగళవారం జరిగింది. ఆ కాటా దగ్గరి మైకు ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది, అందుకే గబగబా రాసేస్తున్నాను. వారం ఆగితే ఇందులో నా తప్పు కూడా ఉందని ఒప్పుకోవాల్సి వస్తుందేమో.

ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు వదిలించుకుంటున్న ఇరవయ్యారు సీట్ల పసుపు బస్సు కొన్నాను. ఎందుకని మీరు అడక్కండి, మా ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది. సీట్లు పీకించి మంచం, దాని పైన ఒక బెర్తు, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు పెట్టించాను. వడ్రంగి ప్లైవుడ్డే అన్నాడు. మా తాతగారి మండువా ఇంటి టేకు దూలాలు పెరట్లో ఊరికే పడున్నాయి కదా అని కోయించి ఇచ్చింది నేనే. ఈ ఎండల నుంచి పారిపోయి లంబసింగి కొండమీద కాఫీ కాచుకుని తాగాలని ప్లాను.

స్కూలు బస్సుని ఇలా మార్చినట్టు ఆర్‌సీలో ఎక్కించే కాగితాల సంగతి ఏజెంటు "అంతా నేను చూసుకుంటా సార్" అన్నాడు. చూసుకున్నాడు కూడా, దూరం నుంచి. మొదటిసారి ఆర్టీవో ఆఫీసుకి వెళ్తే ఛాసిస్ నంబరు ప్రింటు సరిగ్గా పడలేదన్నారు. రెండోసారి ఇన్సూరెన్సు జిరాక్సు వెలిసిపోయిందన్నారు. మూడోసారి నేనే బాగా చదువుకుని వెళ్ళాను. 7,500 కిలోల లోపు బండి లైట్ మోటార్ వెహికల్ కిందికే వస్తుంది. ట్రాన్స్‌పోర్టు బండి అయినా సరే, ఆ బరువు దాటనంతవరకు మామూలు ఎల్ఎంవీ లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. మా బండి ఆర్‌సీలో మొత్తం బరువు 6,250. ఈ ముక్కంతా అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని మరీ వెళ్ళి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి ముందు అప్పజెప్పాను.

"లైసెన్సు నేనడిగానా?" అన్నారాయన.

ఆయనడిగింది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. కంపెనీ ఇచ్చిన వివరాలకూ బండికీ పొంతన లేకుండా మార్పులు చేయకూడదట. "ఆర్‌సీలో స్కూలు బస్సు, 26 సీట్లు అని ఉంది. సీట్లేవండీ?" అన్నారు. డ్రైవరు సీటు చూపించాను. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాను, అంటే ఇల్లులా లోపలే పడుకుని వండుకునే బండి, నాన్-ట్రాన్స్‌పోర్టు కిందికి వస్తుందని 2004 కేంద్ర నోటిఫికేషన్‌లో ఉంది కద సార్ అన్నాను. "క్యాంపర్ వ్యానైతే వస్తుంది. ఇది స్కూలు బస్సు" అన్నారు. కాసేపు మంచం మీద కూర్చుని పరుపు నొక్కి చూసుకుని, "ఫైలు పైకి పంపాలంటే ముందు ఖాళీ బరువు చీటీ కావాలి, కాటా వేయించుకు రండి" అన్నారు. ఈ ముక్క మొదటిసారే చెప్తే ఆయన నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?

సరే, మంగళవారం పొద్దున్నే రైసుమిల్లు పక్కనున్న ధర్మకాటాకి బండి తోలాను. ఎర్ర అంకెలు వెలిగే పెద్ద బోర్డు, గాజు గదిలో మైకు పట్టుకున్న కుర్రాడు, నా వెనకాల ధాన్యం లారీలు ఆరో ఏడో. 4,860 పడింది.

"డ్రైవరు దిగాలి" అంది మైకు.

దిగాను. 4,770. ఆ కాటా పదేసి కిలోల చొప్పున చూపిస్తుందట. నా బరువు డెబ్భై రెండని ఇంట్లో చెప్పుకుంటూ వస్తున్నాను. నాలుగు ఫర్లాంగుల దూరం నుంచి కూడా కనబడే అంకెల్లో తొంభై తగ్గితే లారీ డ్రైవర్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"లోపల సామానుందా?"

అసలు తిరకాసంతా ఇక్కడే. చట్టం ప్రకారం ఖాళీ బరువంటే, బండి పనిలో ఉన్నప్పుడు మామూలుగా వాడే సామగ్రి అంతా కలిపి, డ్రైవరునీ అటెండెంటునీ తీసేసి లెక్కకట్టిన బరువు. లారీకైతే స్టెప్నీ, జాకీ అని చెప్పేయొచ్చు. బండే ఇల్లయినప్పుడు మామూలుగా వాడనిదేముంది? నీళ్ళ ట్యాంకు సామగ్రే, మరి అందులోని నీళ్ళు? బియ్యం బస్తా సామగ్రా, సరుకా? మూత తీస్తే సరుకు, తీయకపోతే సామగ్రి అనుకోవచ్చా? ఆవకాయ జాడీ అయితే మా ఇంట్లో రెండూ కాదు, కుటుంబసభ్యురాలు. గ్రైండరు సంగతి తేలక మా ఆవిడకి ఫోన్ చేశాను. "వాడేది నేను. మీకెందుకు డౌటొచ్చింది?" అంది.

"ఖాళీ అంటే ఖాళీ సార్! ఇసుక లారీవాళ్ళు కూడా ఇన్ని ప్రశ్నలడగరు" అంది మైకు, ఊరంతా వినబడేట్టు.

వెనక హారన్లు మొదలయ్యాయి. కంగారులో ట్యాంకు కుళాయి తిప్పేశాను. రెండు వందల లీటర్లు, కాటా మీదే. నీళ్ళకి కూడా బరువుంటుందని, లీటరుకి కిలో అని, మా బాబాయి చిన్నప్పుడు చెవి మెలేసి నేర్పింది అప్పుడు గుర్తొచ్చింది. 4,570. కుర్రాడు గాజు గదిలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. వాడన్న మాటలు ఇక్కడ రాయను.

తర్వాత బియ్యం బస్తా, సిలిండరు, బిందె, జాడీ, గ్రైండరు, గ్రైండర్లోంచి దొర్లిపోయిన రాయి, అన్నీ రోడ్డుపక్కన వేపచెట్టు కింద పేర్చాను. నేను బొడ్డు దాకా చెమటలో ఉన్నాను. ఒక పెద్దావిడ కూరల సంచీతో వచ్చి గ్రైండరు ముందు చతికిలబడింది.

"ఎంతకిస్తున్నావు బాబూ?"

"అమ్మడానికి కాదమ్మా, తూకానికి."

"తూకానికైతే కిలో ఎంత?"

"తూకం బండికమ్మా!"

"బండి నాకెందుకు, గ్రైండరు చెప్పు" అంది ఆవిడ, రాయి పైకెత్తి ఎండకి పట్టి చూస్తూ.

4,470. చీటీ వచ్చింది. ఆర్‌సీలో ఉన్న ఖాళీ బరువు 4,050. సీట్లు పీకేశాక కూడా 420 కిలోలు ఎక్కువేంటా అనుకుని, తాతగారి టేకు మీదికి నెట్టేసి, సామాను లోపల కుక్కి ఆఫీసుకి బయల్దేరాను. దారిలో ఇద్దరు పిల్లలు యూనిఫాంలో చెయ్యెత్తి ఆపబోయారు. ఆ పసుపు రంగు మార్చుకోవడానికీ ముందు ఆ ఆఫీసునే అడగాలి.

ఇన్‌స్పెక్టరు గారు చీటీ చూసి, లోపలికెక్కి, పై బెర్తు తెర పక్కకి లాగారు.

"లంబసింగి వచ్చిందా?" అన్నారు మా బాబాయి, లేచి కూర్చుని.

ఎండలు మొదలైనప్పటి నుంచి ఆయన రాత్రిళ్ళు బండిలోనే పడుకుంటున్నారు. పొద్దున్నే వాకింగుకి వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. చెవిమిషను తీసి దిండు కింద పెట్టుకుంటే ఆరు లారీల హారన్లేం చేస్తాయి?

ఇన్‌స్పెక్టరు గారు చీటీ వంకా బాబాయి వంకా చూశారు. "ఈయన కాటా మీద కూడా ఉన్నారా?"

ఇన్నాళ్ళూ నోరెత్తని ఏజెంటు అప్పుడే ఎత్తాడు. "అటెండెంటు సార్! అటెండెంటు లెక్కలోకి రాడు!"

"లెక్కలోకి రాకూడదు కాబట్టే మళ్ళీ తూయించుకు రండి. గురువారం."

మా బాబాయి రిటైర్డు హెడ్మాస్టరు. చెవిమిషను పెట్టుకున్నాక విన్న మొదటి మాట 'అటెండెంటు'. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఏజెంటుతో మాత్రం బాగానే ఉన్నారు, అదే నాకు మండుతోంది.

సాయంత్రం మా ఆవిడ పప్పు నానబోసి, "ఏవండీ, గ్రైండర్లో రాయేదీ?" అంది.

చీటీ మీద నంబరు చూసి కాటాకి ఫోన్ చేశాను.

"ఆ పెద్దావిడ పట్టుకెళ్ళింది సార్. తూకానికే ఇస్తానన్నారంట కదా? తూచి డబ్బులు కట్టింది. మీ పేరున నూట ఇరవై రూపాయలున్నాయి, గురువారం వచ్చినప్పుడు తీసుకోండి."