ఒంగోలు లేదు సార్, సున్నా

పోయిన శనివారం పొద్దున్నే మా బావ ఫోన్ చేసి, "అర్జంటుగా రారా, అయస్కాంతం అంటుకోవట్లేదు" అన్నాడు. ఇలాంటి మాట వినగానే మనిషికి ఏమైందోనని భయపడతాం. ఏమీ కాలేదు. టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో సొంత ఇల్లు, ఒంట్లో కాస్త షుగరు, గరాజులో పాత గోల్డ్‌వింగ్. అన్నీ యథాతథంగా ఉన్నాయి. ఆ బండికి ఉపగ్రహ రేడియో పెట్టాలట, అంతే.

గోల్డ్‌వింగ్ అంటే ఏమిటో ఎరగని అదృష్టవంతుల కోసం: ఆరు సిలిండర్లు, 1832 సీసీ, దాదాపు నాలుగు క్వింటాళ్ల బరువు, వెనక్కి నడవడానికి రివర్సు. మన మారుతీ 800 ఇంజను 796 సీసీ. రెండు మారుతీలు కలిపినా ఇంకో పల్సరుకు సరిపడా మిగులుతుంది. ఇంత ఇనుముని రెండు చక్రాల మీద నిలబెట్టి దాన్ని "ప్రశాంతత" అంటారు. కారులో ఊపిరాడట్లేదు, గాలి తగలాలి, నాతో నేను మాట్లాడుకోవాలి అని చెప్పి బావ దీన్ని కొన్నాడు. రెండు వారాలు మాట్లాడుకున్నాడు. మూడో వారానికి బోరు కొట్టింది. ఆయనతో పాతికేళ్లు మాట్లాడిన మా అక్కని ఈ విషయంలో ఎవరూ అడగలేదు.

"ఫోన్లో పాటలున్నాయిగా బావా?" అంటే, "బిగ్ బెండ్ వైపు వెళ్తే సెల్ సిగ్నల్ ఉండదురా, ఉపగ్రహమైతే ఎడారిలో కూడా పలుకుతుంది" అన్నాడు. నిజమే. కాకపోతే ఇప్పటిదాకా ఆ బండి చేసిన అతి పెద్ద యాత్ర ఫ్రిస్కో హనుమంతుడి గుడి. అదీ వాళ్ల ఊళ్లోనే.

ఇక అయస్కాంతం సంగతి. ఈ రేడియో యాంటెన్నా అగ్గిపెట్టెంత ఉంటుంది, అడుగున అయస్కాంతం. కారు టాపు మీద పెడితే జలగలా పట్టుకుంటుంది. గోల్డ్‌వింగ్ వెనక డిక్కీ ప్లాస్టిక్కు. కాబట్టి కింద ఓ ఇనపరేకు వేసుకోవాలి. ఆ రేకు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. కానీ బావ ఇంజనీరు. ఇంజనీరు కొనడు, ఇంట్లో వెతుకుతాడు.

వంటింట్లోకి యాంటెన్నా పట్టుకుని వచ్చి పళ్లేలన్నీ దింపించాడు. మంచి స్టీలుకి అయస్కాంతం అంటదని బెజవాడ పాత్రల కొట్టులో బేరమాడిన ప్రతి తల్లికీ తెలుసు. బావ ఆ పరీక్షని మా అక్క కాపురం మొత్తానికీ పెట్టాడు. వాళ్లమ్మగారు ఇచ్చిన పళ్లేలు: అంటలేదు. ఇక్కడ ఇండియన్ స్టోర్లో కొన్నవి: అంటలేదు. వాళ్ల మేనత్త పెట్టిన గిన్నె మూత: అంటలేదు, ఆవిడ ఆత్మకు శాంతి. చివరికి సారెలో మా నాన్న పెట్టిన పళ్లెం. ఠక్‌మని అంటుకుంది.

ఆ ఠక్కు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పాతికేళ్ల తర్వాత, దాదాపు తొమ్మిది వేల మైళ్ల అవతల, ఒక రేడియో యాంటెన్నా మా పుట్టింటి పరువు తేల్చేసింది. "మీవాళ్లవి ఎంత ఇదిగా అంటుకుంటున్నాయిరా!" అని బావ మెచ్చుకోలుగానే అన్నాడు. అక్క స్టవ్ వైపు తిరిగింది.

ఆ పళ్లెం మీద చుక్కలు చుక్కలుగా నాన్న పేరు కొట్టించి ఉంది. బావ రేకుల కత్తెర తెచ్చాడు. ఇంటిపేరు ఒక ముక్కలోకి, పేరు ఇంకో ముక్కలోకి పోయింది. దీన్ని వ్యంగ్యంగా రాద్దామని రెండు రోజులు ప్రయత్నించాను. రావట్లేదు. అప్పుచేసి కొన్న పళ్లెం అది. ఆ మనిషికి ఏ రకం స్టీలో తెలియదు, కూతురు అందులో అన్నం తింటుందని మాత్రం తెలుసు.

సరే, యాక్టివేషన్. బండిని చెట్టు కింద పెట్టకూడదు, గరాజులో అసలే పెట్టకూడదు. ఉపగ్రహం భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున కూర్చుని ఉంటుంది. దానికి మన బండి, మన బండికి అది కనపడాలి. డ్రైవ్‌వేలో బండి నిలబెట్టి, రేడియో వేసి, సున్నా నంబరు ఛానెల్ పెడితే ఎనిమిది అక్షరాల ఐడీ వస్తుంది. అది ఫోన్లో ఈ రేడియో నడిపే సిరియస్ ఎక్స్‌ఎమ్ కంపెనీవాళ్లకి చెప్పాలి. అవతల ఒక అమ్మాయి, ఎంతో ఓర్పుగా, "చెప్పండి సార్" అంది.

"సి ఫర్ చీరాల" అన్నాడు బావ. కంగారులో అందరికీ సొంత జిల్లాయే గుర్తొస్తుంది. ఆ అమ్మాయి చీరాలని ఎలా రాసుకుందో దేవుడికెరుక. "ఎన్ ఫర్ నరసరావుపేట." నిశ్శబ్దం. "ఓ ఫర్ ఒంగోలు." అప్పుడా అమ్మాయి, ఈ ఐడీల్లో ఓ అనే అక్షరమే వాడరనీ, గుండ్రంగా కనపడితే అది సున్నాయేననీ చెప్పింది. ఒంగోలు లేదు సార్, సున్నా. ఒంగోలువాళ్లు నన్ను క్షమించాలి. ఇది నా అభిప్రాయం కాదు, ఉపగ్రహానిది.

తర్వాత ఇరవై నిమిషాలు ముగ్గురం దక్షిణాకాశం వైపు చూస్తూ నిలబడ్డాం. ఎదురింటాయన కుక్కతో వచ్చి, గ్రహణమా అని అడిగాడు.

పలికింది. బావ హెల్మెట్ పెట్టుకుని హైవే ఎక్కి వచ్చాడు. డెబ్బై మైళ్ల వేగంలో గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదట. రెడ్ లైటు దగ్గర మాత్రం అద్భుతంగా ఉందట. ఇప్పుడాయన దారిలో పచ్చ లైటు పడితే విసుక్కుంటున్నాడు.

దీనికి నెలనెలా చందా. పైగా చందా చెవులకి కాదు, డబ్బాకి. కారులో రేడియోకి ఒకటి, బైకులో రేడియోకి ఇంకొకటి. వినే చెవులు మాత్రం అవే రెండు. మన దేశంలో ఒకప్పుడు రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసుకెళ్లి పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాళ్లం. సర్కారుకే సిగ్గేసి దాన్ని ఎత్తేసింది. మనం అట్లాంటిక్ దాటొచ్చి మళ్లీ తగిలించుకున్నాం. ఆ చందా మానుకోవడం ఎంత సుఖమో న్యూయార్క్ రాష్ట్రాన్ని అడగండి. 2023 డిసెంబరులో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ సిరియస్ ఎక్స్‌ఎమ్ మీద దావా వేస్తే, రద్దు చేసుకునే పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2024 నవంబరులో కోర్టు తేల్చింది. చేరడానికి ఎనిమిది అక్షరాలు, వదలడానికి ఒక న్యాయమూర్తి!

ఇంతా చేసి, బావ ఛానెళ్లన్నీ తిప్పాడు. ఒక్క తెలుగు ముక్క వినపడలేదు. ఉపగ్రహం తెలుగు పాడిన రోజులు లేకపోలేదు. వరల్డ్‌స్పేస్ అనే ఉపగ్రహ రేడియోలో 'స్పందన' అని అచ్చంగా మనకో ఛానెలే ఉండేది. 2009 డిసెంబరు 31తో ఆ సేవ మన దేశంలో ఆగిపోయింది. డబ్బు పోసి కొన్న రిసీవర్లు తెల్లారేసరికి తూకానికి కూడా పనికిరాని వస్తువులయ్యాయి. తెనాలిలోనూ తాడేపల్లిగూడెంలోనూ అవి ఎన్ని అటకలెక్కాయో.

బావ ఇప్పుడు హెల్మెట్‌లో పెట్టుకునే స్పీకర్లు వెతుకుతున్నాడు. అక్క నిన్న సారె పళ్లేలు మిగిలినవన్నీ అట్టపెట్టెలో సర్ది మా ఇంటికి పంపించేసింది.