డొమైన్ రికార్డులో అనుభవదారు కాలమ్ ఉండదు

దున్నేది ఒకరు, పహాణీలో పేరు ఇంకొకరిది. సాదాబైనామా మీద భూములు కొన్న పాలమూరు, నల్లగొండ రైతులు దీనివల్ల పడ్డ తిప్పలు అందరికీ తెలిసినవే. తెల్లకాగితం మీద రాసుకున్నారు, పైసలిచ్చారు, గెట్లు పెట్టుకున్నారు, పేరు మాత్రం మార్పించుకోలేదు. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చి, భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్ తీసేసేసరికి, ఆ ఒక్క లోపంతో చేతిలో ఉన్న భూమి కూడా కాగితం మీద లేకుండా పోయింది. మన దుకాణాలు, మిల్లులు, కాలేజీలు, చేనేత సంఘాలు ఇప్పుడు వెబ్‌సైట్ పేర్ల విషయంలో అదే తప్పు చేస్తున్నాయి. వెబ్‌సైట్ పేరునే డొమైన్ అంటారు. ఆ డొమైన్ రికార్డులో మొదటి నుంచీ అనుభవదారు కాలమే లేదు. అక్కడ ఎవరి పేరుంటే వాళ్లే యజమాని.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. వెబ్‌సైట్లు చేసే కుర్రాడితో డొమైన్, హోస్టింగ్, డిజైన్ అన్నీ కలిపి ఒక రేటు మాట్లాడుకుంటారు. అతను తన ఖాతాలో, తన మెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో పేరు కొంటాడు. ఇందులో మోసమేమీ లేదు. పది మంది కస్టమర్ల పేర్లు ఒకే ఖాతాలో ఉంటే రెన్యువల్ చేయడం అతనికి తేలిక. కానీ రిజిస్ట్రార్ దగ్గర, అంటే డొమైన్ పేర్లు అమ్మి నమోదు చేసే కంపెనీ దగ్గర, యజమానిగా నమోదైంది అతనే. ఆ వెబ్‌సైట్ పేరు బస్తా మీద ఉంది, లారీ వెనుక ఉంది, బిల్‌బుక్ మీద ఉంది. రికార్డులో మాత్రం మిల్లు పేరు లేదు. రేపు ఆ కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతే, డబ్బు కట్టింది మేమేనని మిల్లు ఎంత మొత్తుకున్నా రిజిస్ట్రార్ కదలదు. రికార్డులోని మెయిల్ నుంచి వచ్చిన మాటే దానికి యజమాని మాట.

ఈ రికార్డు ఎంత పని చేస్తుందో 1995లోనే తేలింది. అమెరికాలో గ్యారీ క్రెమెన్ పేరున ఉన్న ఒక ఖరీదైన డాట్‌కామ్‌ను స్టీఫెన్ కోహెన్ ఒక్క దొంగ ఉత్తరంతో చేజిక్కించుకున్నాడు. అప్పట్లో డాట్‌కామ్ పేర్లు నమోదు చేసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ అసలు యజమానిని ఒక్క మాట కూడా అడగకుండా రికార్డు మార్చేసింది. కోర్టుకెక్కి అది తిరిగి తెచ్చుకోవడానికి ఐదేళ్లు పట్టింది. మన సుప్రీంకోర్టు కూడా 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు తరహా రక్షణ ఉంటుందని చెప్పింది. హక్కు ఉంది, నిజమే. కానీ గద్వాల చీరలమ్మే చిన్న షాపు దసరా సీజన్ నడుమ ఆ హక్కు కోసం వకీలును పెట్టుకోగలదా?

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తీసేది మెయిల్. రిజిస్ట్రార్ ఖాతాకు చాలామంది ఇచ్చేది అదే డొమైన్ మీద పెట్టుకున్న మెయిల్. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది. కానీ పేరు గడువు తీరి ఆగిందంటే దాని మీది మెయిల్ కూడా ఆగుతుంది. గడువు ముగిశాక వచ్చే హెచ్చరిక ఆ మెయిల్‌కే వెళ్తుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా ఆ మెయిల్‌కే వెళ్తుంది. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకోవడం ఇది. ఖాతాకు ఇచ్చే మెయిల్ ఆ డొమైన్‌తో సంబంధం లేనిదై, సంస్థ కోసమే తెరిచినదై ఉండాలి. దాని పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసి ఉండాలి. ఫోన్ నంబరుదీ ఇదే కథ. వాడకుండా పక్కన పడేసిన ప్రీపెయిడ్ సిమ్ మూడు నెలల తర్వాత రద్దయి వేరేవాళ్ల చేతికి పోవచ్చు. ఆ తర్వాత మన ఓటీపీ ఎవరి ఫోన్లో మోగుతుంది?

డాట్‌కామ్ లాంటి పేర్లకు ఐకాన్ (ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే సంస్థ) పెట్టిన నియమాలున్నాయి. కొత్తగా పేరు కొన్నా, వివరాలు మార్చినా, 15 రోజుల్లో మెయిల్‌నో ఫోన్‌నో ధ్రువీకరించాలి. లేకపోతే పేరును నిలిపివేయవచ్చు. వివరాలు సరిచూసుకోమంటూ ఏడాదికోసారి మెయిల్ వస్తుంది, దాన్ని ప్రకటన అనుకుని చెరిపేస్తాం. గడువుకు సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, ముగిశాక 5 రోజుల్లోపు ఒకటి గుర్తుచేస్తారు. గడువు దాటాక మామూలు రేటుకే కట్టుకునే వెసులుబాటు గరిష్ఠంగా 45 రోజులు, రిజిస్ట్రార్‌ను బట్టి ఇంకా తక్కువ కూడా ఉండొచ్చు. తర్వాత 30 రోజులు పెద్ద రుసుముతో విడిపించుకోవచ్చు. చివరి 5 రోజులు ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఆపైన ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది.

వివరాలన్నీ నిజంగా ఇస్తే స్పామ్ కాల్స్, వేధింపులు వస్తాయని కొందరంటారు. ఇంటి నుంచి వ్యాపారం చేసే ఆడవాళ్లకు ఆ భయం న్యాయమైనదే. కానీ 2018లో యూరప్ డేటా చట్టం అమల్లోకి వచ్చాక చాలావరకు వ్యక్తిగత వివరాలు బయటివాళ్లకు కనిపించకుండా దాచేస్తున్నారు. దాచడం వేరు, తప్పు రాయడం వేరు. బయటికి కనిపించకపోయినా రిజిస్ట్రార్ దగ్గర ఉన్నది నిజమై ఉండాలి.

మీ పేరు ఎవరిదో తేల్చుకోవడానికి పావుగంట చాలు. డాట్‌కామ్ అయితే ఐకాన్ లుకప్ పేజీలో, డాట్ ఇన్ అయితే నిక్సీ అనే మన దేశ సంస్థ నడిపే డాట్ ఇన్ రిజిస్ట్రీ పేజీలో పేరు కొట్టి రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో రాసుకోండి. ఖాతా వివరాలు మీ దగ్గర ఉంటే 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కి చూడండి. లింకు మీ మెయిల్‌కు రాకపోతే తాళం మీ చేతిలో లేనట్టే. 'ఆర్గనైజేషన్' గడిలో సంస్థ పేరు ఉండాలి, ఎందుకంటే ఆ గడి నింపితే సంస్థనే యజమానిగా లెక్కిస్తారు.

రికార్డు దిద్దేటప్పుడు వరుస తప్పితే చిక్కొస్తుంది. యజమాని పేరు మార్చిన వెంటనే వేరే రిజిస్ట్రార్‌కు పోదామంటే 60 రోజుల లాక్ పడొచ్చు. అదే రిజిస్ట్రార్ దగ్గర మీ సొంత ఖాతా తెరిచి, ఆ కుర్రాడితో పేరును అందులోకి మార్పించుకోవడం సులువు. డీఎన్ఎస్ (పేరు కొడితే ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే పట్టిక) అతని సర్వర్‌లో ఉంటే, ముందుగా అందులో సైట్ దారి చూపే 'A' రికార్డును, మెయిల్ దారి చూపే 'MX' రికార్డును ఒక కాగితం మీద ఎక్కించుకోండి. అవి పోతే సైట్, మెయిల్ రెండూ ఆగుతాయి. గడువు నెల రోజుల్లో ఉంటే ముందు రెన్యువల్ చేయించి, ఆ తర్వాతే ఈ పని పెట్టుకోండి.

అసలు జబ్బు కంప్యూటర్లకన్నా పాతది. ఊరి భూముల దస్త్రం పట్వారీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఊరు అతని గుప్పిట్లో ఉంది. 1980ల్లో ఆ వ్యవస్థ రద్దయింది, అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు. సంఘం మినిట్స్ బుక్ పాత అధ్యక్షుడి బీరువాలో, స్కూల్ మెయిల్ పాస్‌వర్డ్ మానేసిన క్లర్కు ఫోన్లో, గుడి కమిటీ రసీదు పుస్తకాలు ఎవరింట్లోనో. లెక్కలు తెలిసినవాడికి అప్పజెప్పి నిశ్చింతగా కూర్చోవడాన్ని మనం నమ్మకం అంటాం. భూముల తప్పులు దిద్దడానికి 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, రెవెన్యూ సదస్సుల్లో ఊరూరా దరఖాస్తులు తీసుకున్నారు. డొమైన్ల కోసం ఏ తహసీల్దారూ మీ ఊరికి రాడు.

చేనేత సంఘంలో అధ్యక్షుడు మారితే తీర్మానం రాసి బ్యాంకులో సంతకాలు మారుస్తారు కదా, అదే తీర్మానంలో ఇంకో వాక్యం చేర్చండి: డొమైన్ పేరు, రిజిస్ట్రార్, ఖాతా మెయిల్, నమోదైన ఫోన్ నంబరు, గడువు తేదీ. దిగిపోయేవారు, వచ్చేవారు ఇద్దరూ దాని కింద సంతకం చేయాలి. ఖాతాలో కొత్త ఫోన్ నంబరు ఎక్కించి, ఓటీపీ దానికి వచ్చాకే ఆ పుస్తకం మూయాలి.