సవరణ: అది పియోనీ కాదు, చామంతి

దీపావళి రాత్రి కావలిలో మా మేడ మీద నుంచి చూసిన బాణసంచా గురించి మొన్న రాస్తూ, ఆకాశంలో తోకలతో విచ్చుకున్న వెలుగుల పువ్వుని పియోనీ అన్నాను. తప్పు. రంగు చుక్కలు వెనక గీత లేకుండా బంతిలా విచ్చుకుంటే పియోనీ. ఒక్కో చుక్కా రవ్వల తోక ఈడ్చుకుంటూ పోతే క్రిసాంథిమమ్, అంటే మన చామంతే. ఆ చుక్కల్ని స్టార్స్ అంటారు గానీ నక్షత్రాల్లా ఏమీ ఉండవు, ఉత్త మందు ఉండలు. ఆ మందులో ఎరుపు రంగుకి స్ట్రాన్షియం, ఆకుపచ్చకి బేరియం అనే లోహాల లవణాలు కలుపుతారన్నది మాత్రం సరిగ్గానే రాశాను.

ఇంకొకటి. తారాజువ్వకి పుల్ల ఉండేది సీసాలో నిలబెట్టడానికే అన్నాను. కాదు, జువ్వ తిన్నగా పైకి పోవడానికి. చిన్నప్పుడు పుల్ల సగానికి విరిచి వెలిగిస్తే, గిరగిరా తిరిగి పక్కింటి వసారాలో దూరింది. అప్పుడే తెలియాల్సింది నాకు.