టెస్ట్ ల్యాంప్‌ను నిషేధించాలి, అదీ వెంటనే

పాత కార్ల ప్రపంచానికి జరుగుతున్న పెద్ద నష్టం గురించి ఎవరూ నోరు మెదపడం లేదు. స్పేర్ పార్టులు దొరకట్లేదని ఏడుస్తారు, మంచి మెకానిక్కులు మిగల్లేదని వాపోతారు, కానీ అసలు ద్రోహి టూల్ బాక్సులో ఓ మూల హాయిగా పడుకుని ఉందని ఒక్కరూ గుర్తించరు. చిన్న బల్బు, దానికో వైరు, వైరు చివర క్లిప్పు, రెండో వైపు సూదిలాంటి మొన. అంతే. తీగలో కరెంటు ఉందో లేదో వెలిగి చూపిస్తుంది, టెస్ట్ ల్యాంప్ అంటారు. దీన్ని చట్టం చేసి మరీ నిషేధించాలని నా డిమాండ్. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

కొత్త కారు స్టార్ట్ కాకపోతే అది సమస్య. పాత కారు స్టార్ట్ కాకపోతే అది సభ. బానెట్ లేచిందంటే చాలు, నిన్నటిదాకా పలకరింపులు కూడా లేనివాళ్ళు పక్కపక్కన వంగి నిలబడి ఇంజిన్లోకి తొంగి చూస్తారు. "సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు" అని అందరికీ కనబడుతున్న సంగతినే ఒకాయన గంభీరంగా ప్రకటిస్తాడు. "చోక్ లాగావా?" అని ఇంకొకరు. "ఎక్కువ లాగేశావేమో బాబాయ్, ఓవర్ అయిపోయుంటుంది" అని మరొకరు. మనుషుల మధ్య ఇంత సామరస్యం ఇంకెక్కడైనా చూశారా? సరిగ్గా అలాంటి చోటికి ఎవడో ఒకడు ఆ బల్బు పట్టుకొస్తాడు, రెండు నిమిషాల్లో లోపం చూపించేస్తాడు, జనం మొహాలు వేలాడేసుకుని ఇళ్ళకి పోతారు.

సంప్రదాయం ప్రకారం మొదటి ముద్దాయి ఎప్పుడూ పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బరేటరే. కార్బరేటర్ ట్రబుల్ అని వచ్చిన బళ్ళలో చాలావాటికి రోగం ఇగ్నిషన్‌లోనే, అంటే స్పార్క్ పుట్టించే కరెంటు వ్యవస్థలోనే ఉంటుందని పాత మెకానిక్కులు అంటూ ఉంటారు, వాళ్ళ మాట మనం వినక్కర్లేదు. కార్బరేటర్‌కి ఉన్న గొప్పతనం వేరు. అది కంటికి ఎదురుగా ఉంటుంది, తిప్పడానికి స్క్రూలుంటాయి. స్క్రూ తిప్పితే ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది. కరెంటులో ఆ తృప్తి ఏది? పైగా ఏ స్క్రూ ఎంత తిప్పామో గుర్తుపెట్టుకోం కాబట్టి, ఇందాక ఒక్క లోపం ఉన్న బండికి ఇప్పుడు రెండుంటాయి. అభివృద్ధి అంటే ఇదే కదా.

ఇక్కడ ఒక అవమానకరమైన నిజం ఒప్పుకోవాలి. ఈ ఇగ్నిషన్ వ్యవస్థ అసలు అంత క్లిష్టమైనదేం కాదు. చార్లెస్ కెట్టరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు 1910 మోడల్ కాడిలాక్ కోసం తయారుచేసిన పద్ధతే కాస్త అటూ ఇటూగా 1970ల దాకా నడిచింది. బ్యాటరీ నుంచి తాళం, తాళం నుంచి కాయిల్ అనే రెండు తీగచుట్టల డబ్బా, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు అనే చిన్న స్విచ్, అక్కడి నుంచి ఎర్త్, అంటే బండి బాడీ. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిల్లో కరెంటు పారుతుంది. విడిపోయిన క్షణంలో ఆ కరెంటు ఠక్కున తెగుతుంది, కాయిల్లోని అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది, సుమారు వంద రెట్లు ఎక్కువ చుట్లున్న రెండో తీగచుట్టలో వేల వోల్టులు పుడతాయి, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ వాటిని వంతు ప్రకారం ఒక్కో ప్లగ్గుకి పంచుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే ఈ తంతు సెకనుకి 100 సార్లు జరుగుతుంది. అంటే లోపం దాక్కోవడానికి ఉన్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ విషయం బయటికి పొక్కితే మన సభల గతేం కాను?

టెస్ట్ ల్యాంప్ చేసే ఘోరం చూడండి. క్లిప్పుని ఇంజిన్ మీద శుభ్రమైన ఇనుముకి తగిలిస్తారు, తాళం తిప్పుతారు, మొనని కాయిల్‌కి కరెంటు వచ్చే వైపు ఆనిస్తారు. వెలిగిందా, తాళం దాకా అంతా బాగానే ఉంది. తర్వాత కాయిల్ రెండో వైపు, అంటే పాయింట్లకి వెళ్ళే వైరు దగ్గర ఆనించి సెల్ఫ్ కొట్టమంటారు. బల్బు టకటకా ఆరి వెలుగుతుంటే పాయింట్లు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి, వాటిని వదిలేసి ముందుకు పోవచ్చు. వెలిగిందల్లా ఆరకుండా ఉండిపోతే పాయింట్లు ఎర్త్‌కి కలవట్లేదు: మసి పట్టాయి, లేదా గ్యాపు మరీ పెరిగింది, లేదా ఎర్త్ వైరు తెగింది. మొదటి వైపు వెలిగి ఇటు అస్సలు వెలగకపోతే పాయింట్లు విడిపోవట్లేదు, లేదా పాయింట్ల మధ్య మెరుపుల్ని అణిచే కండెన్సరో వైరో బాడీకి షార్ట్ అయింది, లేదా కాయిల్ లోపలి తీగే తెగింది. ఇంత నిర్దాక్షిణ్యంగా తేల్చేస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది చెప్పండి?

దీనికి బదులుగా మనకో చక్కటి పద్ధతి ఉంది, దాని పేరు మూకుమ్మడి మార్పిడి. పాయింట్లు, కండెన్సర్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ మీది క్యాప్, ప్లగ్గులు, వైర్లు, అన్నీ ఒకేసారి కొత్తవి వేసేయడం. బండి బాగుపడితే ఎందుకు బాగుపడిందో ఎవరికీ తెలీదు. బాగుపడకపోతే ఇంకా మంచిది, ఎందుకంటే ఇప్పుడు కొత్తవాటి మీద అనుమానపడటానికి ఎవరికీ మనసొప్పదు. "అది కొత్తది కదా" అన్న మాటకి మించిన రక్షణ కవచం లేదు. ఏళ్ళ తరబడి నోరెత్తకుండా పనిచేసిన పాత కండెన్సర్‌ని చెత్తబుట్టలో వేసి, దాని స్థానంలో మూడో రోజే చచ్చిపోయే కొత్తదాన్ని బిగించి, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మళ్ళీ కార్బరేటర్ దగ్గరికి పోవచ్చు. కండెన్సర్ పోతే పాయింట్ల మధ్య మెరుపులు ఎక్కువై అవి కాలి గుంటలు పడతాయి, ప్లగ్గు దగ్గర స్పార్క్ నీరసంగా, నారింజ రంగులో వస్తుంది. చూసేవాడికి ఇవన్నీ కనబడతాయి. మనం చూడం.

రోటర్ సంగతి ఇంకా రుచికరం. కొన్ని నాసిరకం కొత్త రోటర్లలో ప్లాస్టిక్కే కరెంటుని లోపలికి వదిలేస్తుంది. కాయిల్ నుంచి వచ్చిన వేల వోల్టులు ప్లగ్గుల దాకా పోయే బదులు రోటర్ గుండా కిందున్న ఇరుసులోకి దూకి ఎర్త్ అయిపోతాయి. కాయిల్ వైరు దగ్గర చూస్తే స్పార్క్ బ్రహ్మాండం, ప్లగ్గు దగ్గర చూస్తే శూన్యం. క్యాప్ తీసి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరుని రోటర్ నెత్తిమీది ఇత్తడి రేకుకి కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని సెల్ఫ్ కొట్టిస్తే, రోటర్ మంచిదైతే స్పార్క్ దూకదు, లీకైతే ఠపీ ఠపీమని దూకుతుంది. (పట్టుకునేది రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో, పెట్రోలు కారిన చోటికి దూరంగా. సభ బాగుండాలి గానీ మనుషులు పోకూడదు.)

వీటన్నిటినీ మించి నాకు ఇష్టమైనది డిస్ట్రిబ్యూటర్ లోపల ఉండే ఓ బుల్లి మెత్తటి వైరు. బయటి కనెక్షన్ నుంచి పాయింట్లకి పోతుంది. ఇంజిన్ పీల్చుడుని బట్టి స్పార్క్ సమయాన్ని ముందుకి జరిపే వాక్యూమ్ అడ్వాన్స్, పాయింట్లున్న ప్లేటుని లాగిన ప్రతిసారీ ఇది వంగుతుంది, తిరిగొస్తుంది, అలా ఏళ్ళ తరబడి. ఒకనాటికి లోపలి రాగి పోగులు తెగిపోతాయి, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా నవనవలాడుతూ ఉంటుంది. బండి నిలబడి ఉంటే గడియారంలా నడుస్తుంది, యాక్సిలరేటర్ మీద కాలు పడగానే ప్లేటు కదిలి, తెగిన పోగులు విడిపోయి, దగ్గు మొదలు. కళ్ళద్దాలు పెట్టుకుని చూసినా, బ్యాటరీ లైటు వేసి చూసినా వైరు బాగానే కనబడుతుంది. రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. రబ్బరు బ్యాండులా సాగిందంటే లోపల రాగి లేదు, మిగిలింది తొడుగే. ఇంత చిన్న వైరు ఎంతమంది పెద్దమనుషుల చేత ఎన్ని కార్బరేటర్లు విప్పించిందో!

కాయిల్ వేడెక్కాక చేసే నాటకం కూడా తక్కువదేం కాదు. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టు, కాసేపు నడిచాక నడిరోడ్డు మీద మౌనం, మెకానిక్ వచ్చేసరికి చల్లారి మళ్ళీ స్టార్టు. ఆయన మనవైపు చూసే చూపు ఉంటుందే! దీనికి పైపులో పెట్రోలు ఆవిరైందనే సిద్ధాంతం సిద్ధంగా ఉంటుంది, ఒక్కోసారి అది నిజం కూడా. రెండిట్లో ఏదో తేలాలంటే ఆగిన ఆ క్షణంలోనే స్పార్క్ ఉందో లేదో చూడాలి, చల్లారాక కాదు. కానీ ఆ క్షణంలో మనం ఫోన్ చేస్తూ ఉంటాం.

ఇంకో రకం ఉంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజిన్ అందుకుంటుంది, తాళం వదలగానే చచ్చిపోతుంది. దీన్ని చూసి మేధావులు ఎన్ని వాదాలు చేశారో లెక్కలేదు. సంగతేమిటంటే కాయిల్‌కి పోయే కరెంటుని తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న బళ్ళలో సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి నేరుగా బ్యాటరీ కరెంటు వస్తుంది, తాళం వదిలాక రెసిస్టర్ గుండా వస్తుంది. రెసిస్టర్ తెగిందా, సరిగ్గా ఇదే జరుగుతుంది. మళ్ళీ రెండు నిమిషాల పని. మళ్ళీ ఆ పాడు బల్బే.

ఇక ప్లగ్గు వైర్లన్నీ గుర్తు పెట్టుకోకుండా ఒకేసారి పీకేసే వీరులకి నా వందనాలు. చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో మంట పుట్టే వరస 1-3-4-2. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి స్పార్క్ పడే సమయం చూపే టైమింగ్ గుర్తు ఎదురుగా వచ్చినంత మాత్రాన సరిపోదు, అది కంప్రెషన్ మీద, అంటే మొదటి సిలిండర్ పిస్టన్ గాలినీ పెట్రోలునీ నొక్కే చుట్టులో వచ్చిందో లేదో చూడాలి. చూడకుండా బిగిస్తే డిస్ట్రిబ్యూటర్ సగం చుట్టు తేడాగా కూర్చుంటుంది, స్పార్క్ తప్పుడు సమయంలో పడుతుంది, ఢామ్మని కార్బరేటర్ మూతిలోంచి మంట లేస్తుంది. అప్పుడు మొదట్నుంచీ కార్బరేటర్ అంటున్న పెద్దాయన చేతులు కట్టుకుని, "నే చెప్పలా?" అంటాడు. ఆయనకి జవాబు చెప్పగల మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకున్నవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. గ్యాపు పెట్టే పని ఉండదు, పాయింట్లని ఎత్తే మడమ అరిగి టైమింగ్ వెనక్కి జారడం ఉండదు, సుఖమే. కానీ అది పోయిన రోజు పూర్తిగా పోతుంది, విప్పడానికి ఏమీ ఉండదు, సీలు వేసిన నల్లటి డబ్బా చుట్టూ నిలబడి సంతాపం పాటించడమే.

నిషేధ చట్టంలో ఇంకొక్క నిబంధన ఉంటే చాలు, అది యజమానుల గౌరవానికి సంబంధించింది. చాలా పాత బళ్ళలో దొంగల భయంతో సీటు కిందో డ్యాష్‌బోర్డు వెనకో ఒక రహస్య స్విచ్ బిగించి ఉంటుంది. అది కట్టేస్తే కాయిల్‌కి కరెంటు పోదు. రహస్యం ఎంత గట్టిదంటే యజమాని కూడా మర్చిపోతాడు. కార్బరేటర్ ముక్కలు ముక్కలుగా గుడ్డ మీద పరిచి, డిస్ట్రిబ్యూటర్ బయటికి తీసి, ప్లగ్గులన్నీ వరసగా నిలబెట్టాక ఆయనకి ఆ స్విచ్ గుర్తొస్తుంది. అప్పుడాయన నోరు జారకూడదు. అన్నీ మళ్ళీ బిగించేదాకా అటూ ఇటూ తిరుగుతూ స్పానర్లు అందించాలి, సీట్లో కూర్చునేటప్పుడు చెయ్యి కిందికి పోనిచ్చి చప్పుడు కాకుండా స్విచ్ వెయ్యాలి, తర్వాత తాళం తిప్పాలి. ఇంజిన్ అందుకోగానే కార్బరేటర్ పెద్దాయన వైపు తిరిగి, "మీరన్నదే కరెక్టండీ, జెట్‌లో ఏదో అడ్డం పడింది" అనాలి.