"ఒక ప్లైవుడ్ షీట్, ఒక ఫోమ్ ముక్క చాలు" అంటే నమ్మకండి: చిన్న ట్రైలర్‌లో పడక సంగతి

కారు వెనక తగిలించుకుని క్యాంపింగ్‌కి తీసుకెళ్ళే చిన్న ట్రైలర్‌లో పడక గురించి అమెరికాలోని తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "13 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ కొనండి. లోపలి బెంచీలు పీకేసి ముప్పావు అంగుళం ప్లైవుడ్ పరవండి. మీద నాలుగంగుళాల ఫోమ్ ఏదైనా వేయండి. అడ్డంగా పడుకుంటే ఆరడుగులవాళ్ళు కూడా సరిపోతారు. గోడకి ఒక బల్ల బిగిస్తే పిల్లలు పైన పడుకుంటారు. పడక కింద ఖాళీ అంతా సామాన్లకే. చలేస్తే కిటికీలు మూసి చిన్న గ్యాస్ హీటర్ పెట్టుకోండి. ఒక్క పూట పని, నలుగురికి పడక."

సొంతంగా చేసుకోవచ్చన్న మాట వరకు నిజమే. పెద్ద పనిముట్లు అక్కర్లేదు, కొలతలు మన ఒంటికి తగ్గట్టు పెట్టుకోవచ్చు. మిగతాది ఉన్నదున్నట్టు పాటిస్తే మాత్రం ఒక్క చలికాలంలో పరుపు అడుగున బూజు పడుతుంది, హైవే మీద ట్రైలర్ ఊగుతుంది. ఆ హీటర్ సలహా అయితే ప్రాణాల మీదికే తెస్తుంది.

"బెంచీలు పీకేయండి"

1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన బోలర్ అయినా, మినెసోటాలో తయారయ్యే స్క్యాంప్ అయినా, ఈ కోడిగుడ్డు ఆకారపు ట్రైలర్ల గోడల్లో చట్రం ఉండదు. పైన ఒక డొల్ల, కింద ఒక డొల్ల, నడుము దగ్గర అతుకు, అంతే. బెంచీలు, అలమర, వంటగట్టు ఆ డొల్లకి ఎముకల్లాంటివి. నిలువు అలమర చాలా బళ్ళలో కప్పుకి ఊతం కూడా. వీటిని తీసేస్తే కప్పు మెల్లగా కుంగుతుంది, పైన గాలి కిటికీ చుట్టూ వాన నీళ్ళు నిలుస్తాయి, అక్కడి నుంచి కారడం మొదలవుతుంది. బెంచీల జోలికి పోకుండా వాటి మధ్య ఖాళీని మాత్రమే కలపండి. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ, ఫర్నేస్ (ట్రైలర్‌ని వెచ్చబరిచే యంత్రం) సాధారణంగా ఆ బెంచీల కిందే ఉంటాయి. వాటి మూతలు తెరుచుకోవాలి, ఫర్నేస్ గాలి జాలీకి ఏదీ అడ్డు రాకూడదు.

"ప్లైవుడ్ పరిచి పైన ఫోమ్ వేస్తే చాలు"

అందరూ దెబ్బతినేది ఇక్కడే. ఇద్దరు పెద్దవాళ్ళు రాత్రంతా ఊపిరితో, చెమటతో అర లీటరు నుంచి లీటరు దాకా నీటిని గాలిలోకి వదులుతారు. పడగ్గదిలో అది తెలియదు. అంత చిన్న డొల్లలో తెలుస్తుంది. లోపల 68 డిగ్రీల ఫారెన్‌హీట్, గాలిలో తేమ 60 శాతం ఉంటే, 54 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు తగిలినా ఆ ఆవిరి నీరైపోతుంది. ఒంటి వేడికి ఫోమ్ పైభాగం వెచ్చగా ఉంటుంది కానీ, అడుగునున్న ప్లైవుడ్‌కి బయటి చలి సూటిగా తగులుతుంది. ఆవిరి ఫోమ్‌లోంచి కిందికి దిగి, చల్లటి చెక్కని తాకి అక్కడే నిలిచిపోతుంది. మూడు నాలుగు రాత్రులు అలా గడిస్తే ఫోమ్ అడుగున మిరియపు గింజలంత నల్ల చుక్కలు కనిపిస్తాయి. పైన దుప్పటి పొడిగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫోమ్ లోపలికి దిగిన బూజుని ఏ బ్లీచూ కడగలేదు, ఆ ముక్క పారేయాల్సిందే.

చెక్కకి పాలియురేథేన్ (వార్నిష్ లాంటి పూత) పూస్తే సరిపోతుంది కదా అంటారు. అది చెక్కని కాపాడుతుంది. నీటికి మాత్రం ఇంకిపోయే దారి కూడా లేక అదంతా ఫోమ్‌లోనే ఉండిపోతుంది. పూత వేయాల్సిందే, కానీ గాలి ఆడే దారి వేరుగా చూడాలి.

మన నులక మంచం, నవారు మంచం అడుగున గాలి ఎందుకు ఆడుతుందో తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ట్రైలర్‌లో అదే పని బద్దలతో చేయాలి. నవారు అల్లితే దాని బిగువుకి రెండు పక్కల పట్టీలు లోపలికి లాగబడతాయి, పలచని ఫైబర్‌గ్లాస్ బెంచీ ఆ లాగుడు తట్టుకోదు.

బెంచీల మధ్య ఖాళీ 27 అంగుళాలు, పడక వెడల్పు 54 అంగుళాలు అనుకుందాం. మీ బండిలో కొలిచి చూసుకోండి. రెండు బెంచీల లోపలి వైపు, ఒకే ఎత్తులో, గట్టి చెక్క పట్టీలు (ఒకటి బై రెండు సైజు) బిగించాలి. స్క్రూలు వద్దు. పావు అంగుళం బోల్టులు, సుమారు అడుగుకొకటి చొప్పున పట్టీకి ఐదు, బెంచీ లోపలి వైపు వెడల్పాటి వాషర్లతో. వాషర్ చిన్నదైతే బోల్టు తల ఫైబర్‌గ్లాస్‌ని కొరుక్కుంటూ లోపలికి వచ్చేస్తుంది.

వాటి మీద ఒకటి బై నాలుగు పైన్ బద్దలు. వాటి అసలు వెడల్పు మూడున్నర అంగుళాలు, మందం ముప్పావు అంగుళం. ఖాళీ కన్నా పావు అంగుళం తక్కువగా, అంటే 26 ముప్పావు అంగుళాల పొడవు కోస్తే రెండు చివర్లూ పట్టీల మీద కూర్చుంటాయి. బద్దకీ బద్దకీ మధ్య రెండున్నర అంగుళాలు వదిలితే తొమ్మిది బద్దలు సరిపోతాయి. ముడుల్లేని బద్దలు ఏరుకోండి, విరిగితే ముడి దగ్గరే విరుగుతుంది. అంచులు సాండ్‌పేపర్‌తో గుండ్రం చేయాలి, లేకపోతే పరుపు గుడ్డ కోసుకుపోతుంది. రెండు నైలాన్ పట్టీలు తీసుకుని బద్దలన్నిటికీ స్టేపుల్ చేస్తే పొద్దున్నే చాప చుట్టినట్టు చుట్టి పక్కన పెట్టేయొచ్చు, బల్ల మళ్ళీ వేసుకోవచ్చు. మొదటి బద్దకి, చివరి బద్దకి ఒక్కో చెక్క మేకు దిగేలా రంధ్రం పెట్టండి, అర్ధరాత్రి పక్కకి జారవు.

బెంచీ మూతలు ప్లైవుడ్‌వే కాబట్టి వాటికి అంగుళం రంధ్రాలు చేస్తే చాలంటారు. నాలుగంగుళాలకొక రంధ్రం చొప్పున చేసినా తెరుచుకునేది ఐదు శాతమే. బద్దల మధ్య ఖాళీ నలభై శాతం పైమాటే. అందుకే మూతల మీద రంధ్రాలతో పాటు, పరుపు కింద ముప్పావు అంగుళం మందం ఉన్న ప్లాస్టిక్ దారాల జాలీ పరుపు కూడా వేయాలి. గాలి అడ్డంగా కదిలి ఆ రంధ్రాల్లోంచి బయటపడుతుంది. రబ్బరు కలిపిన కొబ్బరి పీచు పలచటి షీట్ దొరికితే అదీ ఇదే పని చేస్తుంది.

బరువు లెక్క కూడా చూడండి. నిండు సైజు ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు 65 పౌండ్ల దాకా తూగుతుంది. ఈ తొమ్మిది బద్దలు, పట్టీలు కలిపి పదిహేను పౌండ్ల చుట్టూ ఉంటాయి.

"నాలుగంగుళాల ఫోమ్ ఏదైనా సరే"

మందం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇండియాలో 32 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు 32 కిలోలు, అమెరికా దుకాణంలో అదే ఘనపు అడుగుకు 2 పౌండ్లు. అంతకన్నా తేలికదైతే ఒక సీజన్‌లో నడుము దగ్గర గుంట పడుతుంది. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. గట్టిదనానికి ఐ.ఎల్.డి. అనే అంకె ఉంటుంది, నాలుగంగుళాల మందానికి 35 చుట్టుపక్కల అడగండి. మెత్తటిది కొంటే బద్దలు వీపుకి తగులుతాయి. మెమరీ ఫోమ్‌తోనే మొత్తం పరుపు చేయకండి. చలికి అది చెక్కలా బిగుసుకుంటుంది. కావాలంటే పైన అంగుళం పొర వేసుకోండి, ముక్కల మధ్య అతుకులు నడుముకి తగలకుండా అదే కప్పేస్తుంది.

కోయడానికి మాంసం కోసే ఎలక్ట్రిక్ కత్తి మేలు. తొడుగు కొలతకన్నా ప్రతి వైపూ పావు అంగుళం ఎక్కువగా కోయండి, అప్పుడే మూలలు నిండుగా ఉంటాయి. తొడుగు అడుగు భాగం రెక్సిన్‌తో కుట్టించకండి. పైన చేసిన గాలి ఏర్పాటంతా దాంతో వృథా అవుతుంది.

"అడ్డంగా పడుకుంటే ఆరడుగులవాళ్ళు కూడా సరిపోతారు"

నేల దగ్గర కొలిచి చెప్పిన మాట ఇది. గోడలు గుండ్రంగా వంగి ఉంటాయి. పరుపు పై అంచు ఎంత ఎత్తులో వస్తుందో అక్కడ టేపు పట్టి కొలవండి. అడ్డంగా పడుకుంటే కిటికీ వైపున్నవాళ్ళు రాత్రి లేవాలంటే పక్కవాళ్ళ మీదుగా దాటాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని ఆ లోపలి వైపు పడుకోబెట్టకండి.

"గోడకి బల్ల బిగించి పిల్లల్ని పైన పడుకోబెట్టండి"

ఫైబర్‌గ్లాస్ గోడకి ఎల్ బ్రాకెట్లు స్క్రూలతో బిగిస్తే అరవై పౌండ్ల పిల్లాడు ఒక్కసారి గెంతితే చాలు, స్క్రూ ఊడి వస్తుంది, లేదా గోడ చీలి వాన లోపలికి వస్తుంది. పై పడక బరువంతా నేల మీదికి దిగే నిలువు కాళ్ళ మీదే ఉండాలి. గోడ దాన్ని కదలకుండా పట్టుకుంటే చాలు. అమెరికాలో అమ్మే బంక్ బెడ్లకి ఉన్న నియమాలే ఇక్కడా పాటించండి: అడ్డు పట్టీ పై అంచు పరుపు కన్నా కనీసం 5 అంగుళాలు ఎత్తులో ఉండాలి, పట్టీల మధ్య సందు మూడున్నర అంగుళాలు మించకూడదు, ఆరేళ్ళలోపు పిల్లల్ని పైన పడుకోబెట్టకూడదు. పిల్లలిద్దరూ ఆరేళ్ళ లోపువాళ్ళైతే ఈ ట్రైలర్‌లో పై పడక ఆలోచనే మానుకుని, ఒకరిని నేల మీద పరుపులో పడుకోబెట్టడం మంచిది.

"పడక కింద ఖాళీ అంతా సామాన్లకే"

ఈ మాట ఎంత ప్రమాదమో అంకెలే చెబుతాయి. 1300 పౌండ్ల ట్రైలర్, హిచ్ (ట్రైలర్‌ని కారుకి తగిలించే చోటు) మీద 135 పౌండ్లు, అంటే పది శాతం పైన. హిచ్ నుంచి ఇరుసుకి 8 అడుగులు. వెనక పడక కింద, ఇరుసుకి 3 అడుగుల వెనక, ఐదేసి గ్యాలన్ల నీళ్ళ డబ్బాలు మూడు పెట్టారు. గ్యాలను నీరు 8.3 పౌండ్లు, మొత్తం 125 పౌండ్లు. హిచ్ మీద 47 పౌండ్లు తగ్గి 88 మిగులుతుంది. ఇప్పుడది ఆరు శాతమే. పది నుంచి పదిహేను శాతం ఉండాల్సిన చోట ఆరు ఉంటే హైవే మీద పెద్ద ట్రక్కు దాటినప్పుడు ట్రైలర్ తోకలా ఊగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది.

క్యాంప్‌లో దిగాక ఇంకో ముప్పు. కారు నుంచి విప్పేసిన ట్రైలర్‌లో వెనక పడక మీద, ఇరుసుకి రెండున్నర అడుగుల వెనక, ఇద్దరు కలిపి 300 పౌండ్లు పడుకుంటే వెనక్కి లాగే బలం, బరువుని దూరంతో గుణిస్తే, 750. ముందుకి పట్టి ఉంచేది హిచ్ మీది 88 పౌండ్లు, 8 అడుగుల దూరంతో గుణిస్తే 704. ముందు భాగం గాల్లోకి లేస్తుంది. చక్రాలకి దిమ్మలు పెట్టి, వెనక రెండు జాకీలు నేలకి ఆనించాకే ఎవరైనా పడక ఎక్కాలి. నీళ్ళు, పనిముట్లు, బియ్యం డబ్బా ఇరుసు మీదో, దానికి కాస్త ముందో పెట్టండి. వెనక పడక కింద దుప్పట్లు, బట్టలు పెట్టుకోండి.

హిచ్ బరువు ఇంట్లోనే తూచుకోవచ్చు. ఒక ఇటుక, దానికి మూడడుగుల దూరంలో బాత్రూం తూకం, రెండిటి మీదా ఒక బలమైన చెక్క పెట్టండి. ఇటుక నుంచి అడుగు దూరంలో హిచ్ ఆనేలా దించండి. తూకం చూపే అంకెలోంచి, చెక్క ఒక్కటే ఉన్నప్పుడు చూపిన అంకె తీసేసి, మూడుతో గుణించండి. ప్రయాణానికి సర్దినట్టే సామాన్లన్నీ సర్ది, ట్రైలర్ సమంగా నిలబెట్టి తూచాలి.

"కిటికీలు మూసి చిన్న గ్యాస్ హీటర్ పెట్టుకోండి"

ఇది మాత్రం ఎవరికీ పంపకండి. పొగ బయటికి పోయే గొట్టం లేని హీటర్ మూసిన డబ్బాలో ఆక్సిజన్ తినేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్ళు లేవరు. మిగిలిన బొగ్గుల గ్రిల్‌ని, కుంపటిని వెచ్చదనం కోసం లోపలికి తేవడం ఇంకా ఘోరం. తేమ లెక్కన చూసినా నష్టమే: ఒక పౌండు ప్రొపేన్ కాలితే దాదాపు ముప్పావు లీటరు నీరు ఆవిరై గదిలో చేరుతుంది. ట్రైలర్‌లో బిగించిన ఫర్నేస్ పొగని బయటికి పంపుతుంది, అది వాడండి. కరెంటు ఉన్న చోట చిన్న ఎలక్ట్రిక్ హీటర్ వాడండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తు దగ్గర పెట్టండి. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి దాని అలారం నేల దగ్గర ఉండాలి. రెండిటి మీదా గడువు తేదీ చూడండి, పాత బండితో వచ్చినవి చాలాసార్లు గడువు దాటినవే. రాత్రి కప్పు మీది 14 అంగుళాల ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుతూ, దానికి ఎదురు వైపు కిటికీ అంగుళం తెరిచి ఉంచండి. పడక అడ్డంగా పరిచాక తలుపు దాకా దారి ఉందా, లేకుంటే కిటికీలోంచి పెద్దవాళ్ళు దూరి బయటపడగలరా అనేది పగలే ఒకసారి పాకి చూసుకోండి.

"ఒక్క పూట పని"

కోతలు, రంధ్రాలు ఒక పూటే. పాలియురేథేన్ రెండు పూతలు, మధ్యలో సాండింగ్, ఆ తర్వాత ఫోమ్ పెట్టే ముందు కనీసం మూడు రోజుల ఆరుదల కావాలి. తడి ఆరని పూత మీద ఫోమ్ పెడితే అతుక్కుపోతుంది, వాసన వారాలు వదలదు. అన్నీ అయ్యాక చల్లటి రాత్రి ఒకటి చూసుకుని ఇంటి డ్రైవ్‌వేలోనే అందులో పడుకోండి. పొద్దున లేవగానే పరుపు మూల ఎత్తి అడుగున అరచెయ్యి ఆనించండి. చెమ్మ తగిలితే ఫ్యాన్ ఇంకో మెట్టు పెంచి, కిటికీ ఇంకో అంగుళం తెరిచి, మర్నాడు రాత్రి మళ్ళీ పడుకుని చూడండి.